రాతి బంటు ముడి

కొండవ్వ కుట్టిన అంగీలో తప్పు లేదు. తప్పు దత్తాత్రిది. పోశయ్యకు ఇది వాదించే సంగతి కాదు, తాటిచెట్టుకు కొమ్మలుండవన్నంత మామూలు సంగతి. ఆ మాటను దత్తాత్రి నోటితోనే అనిపించాలని ఈ పొద్దు కొండపాక ఊరి బయట, పైకప్పు సగం కూలిన రాతి మండపంలో, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చున్నాడు. సంచిలో భార్య కుట్టిన ఆ అంగీ ఉంది. ఎదురుగా స్తంభం మీద కాకతీయుల కాలంలో చెక్కిన రాతి బంటు ఉన్నాడు. నీ ఊరేగింపుకు నేను రావాలంటే ముందు నువ్వు రాయి దగ్గరికి రా అని నిన్ననే దత్తాత్రికి కబురు పెట్టాడు. వస్తానన్నాడట. రాక చస్తాడా. రేపు సద్దుల బతుకమ్మ. సిద్దిపేటలో ఆడవాళ్ళ బతుకమ్మల ముందు కాకతీయ దండు నడవాలి. కత్తులూ డాళ్ళూ పట్టుకుని, మాకు రాజ్యం కొత్త కాదు, ఎన్నడో ఏలినవాళ్ళమని దారి పొడుగునా చూపించాలి. సమ్మెలో తిరిగి తిరిగి సగం మంది జ్వరాల పాలయ్యారు, దండులో పొడుగు మనుషులు తక్కువయ్యారు. ఇన్నేండ్లు తాటిచెట్లెక్కి కల్లు దింపిన పోశయ్య భుజాలు దత్తాత్రికి అప్పుడు గుర్తొచ్చాయి. మనిషి కోసం కాదు, ఎత్తు కోసం.

బస్సులు లేవు. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి అవి డిపోలోనే ఎండుతున్నాయి. ఆటోలో కొంత దూరం, నడిచి కొంత దూరం వచ్చాడు. దారి పొడుగునా గునుగు పూసింది, తంగేడు పూసింది, ఆడపిల్లలు ఒడి నిండా కోసుకుంటున్నారు. తంగేడును చూస్తే అతనికి పువ్వు గుర్తు రాదు, చెక్క గుర్తొస్తుంది. కొండవ్వ తంగేడు చెక్కను కొట్టి, కాగులో ఉడకబెట్టి, కోరా బట్టను అందులో ముంచి, కట్టెతో తిప్పుతూ పొగకు దగ్గుతూ కూర్చున్న చలికాలపు పొద్దు గుర్తొస్తుంది. బట్టకు మట్టిరంగు ఎక్కింది, ఆమె చేతులకూ ఎక్కింది, గోళ్ళ సందుల్లో నిలిచింది, అన్నం పెడుతుంటే ఇదేందే నీ చేతులట్లున్నయ్ అంటే, ఇవి కాకతీయుల కాలం చేతులు, తింటే తిను లేకుంటే లేదు అన్నది. అట్లా నవ్వేది. ఆ చలికాలం ఊరంతా ఒకే నవ్వు మీద ఉండింది, తెల్లారితే తెలంగాణ వచ్చేస్తుందన్నట్టు. రాలేదు. ఇంకా రాలేదు. ఆమె పోయింది.

రాతి బంటు నల్లగా ఉన్నాడు. ముక్కు విరిగింది, కత్తి సగమే ఉంది, మొలకింద నాచు పట్టింది. అంగీ మాత్రం చెక్కు చెదరలేదు. ఒంటికి అతుక్కున్న అంగీ, తొడల దాకా వచ్చింది, రొమ్ము మీద ఒక పక్క ఇంకో పక్క మీదికి ఎక్కింది, డొక్క దగ్గర గుడ్డ బొందెలతో ముడి. శిల్పి ఎవడో గానీ ముడి కొసలు గాలికి ఊగినట్టు చెక్కాడు. పోశయ్య రాగానే చూసింది ఆ ముడినే. కూర్చోకముందే, చెమట తుడుచుకోకముందే చూశాడు. తన కుడిచేయి చాచాడు. ముడి ఆ చేతి దిక్కే ఉంది. కుడి. కొండవ్వ చెప్పిందే. గుండెల్లో ఏదో బరువు దిగినట్టూ, ఆ దిగిన చోట మంట పుట్టినట్టూ అయింది. రానీ. దత్తాత్రి రానీ. ఈ రాయికి మొకం ఆనించి చూపిస్తా. చూడరా, కండ్లు పెద్దగ తెరిచి చూడరా, నీ కత్తెర తెచ్చుకున్నవా, దీన్ని గూడ కొయ్యి.

దత్తాత్రి బోర్డులు రాసేవాడు. దుకాణాల బోర్డులు, బడి గోడల మీద బొమ్మలు, ఉద్యమం మొదలయ్యాక బ్యానర్లు. చేయి మంచిది, అది ఒప్పుకోవాలి, నోరే మంచిది కాదు. దీక్షా శిబిరంలో ఉత్తగా కూర్చుంటే ఎవరు చూస్తారని కాకతీయ దండును పుట్టించింది వాడే. కట్టుబాటు పెట్టిందీ వాడే: ఎవరింటి బట్ట వాళ్ళే కుట్టుకోవాలి, చేతి కుట్టే కుట్టాలి, మిషను తగలొద్దు, గుండీ ఉండొద్దు, జిప్పు ఉండొద్దు, ఆ కాలంలో ఏముంటే అదే. అంగీ ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు కప్పి బొందెలతో ఎడమకు కట్టాలన్నాడు. ఎడమకే ఎందుకని ఎవరో అడిగితే, మా తాత చెప్పిండు, మనోళ్ళు ఎడమకు కడ్తరు, తురకోళ్ళు కుడికి కడ్తరు, గంతే అన్నాడు. వాళ్ళ తాత కాకతీయులకు బట్టలు కుట్టిపెట్టినట్టు. కొండవ్వ ఊరుకోలేదు. ఆమె తల్లిగారి ఊరు ఇదే. మా ఊరి బయట రాతి బంటున్నడు, చిన్నప్పుడు ఆయన పాదాల మీద కూర్చోని రేగువండ్లు తిన్నం, ఆయన్ను చూసే కుడ్త గని నీ తాత ముచ్చట నాకెందుకు అనుకుని, ఒక పొద్దు వచ్చి చూసుకుని పోయింది. అంటే ఇక్కడే నిలబడింది. ఇదే బండ మీద. అప్పటికే షుగరుతో కండ్లు మసకలు కమ్ముతున్నాయి, దగ్గరికొచ్చి వేళ్ళతో తడిమి చూసి ఉంటుంది. రాతి ముడి మీద ఆమె వేళ్ళు. పోశయ్య లేచి ఆ ముడిని ముట్టుకోబోయాడు, ముట్టుకోలేదు, మళ్ళీ కూర్చున్నాడు.

సూదిలో దారం ఎక్కించింది రబియాబీ. గోడ అవతల ఇల్లు. బొంతలు కుట్టి అమ్మేది, కొండవ్వా ఆమే ఒకే చాప మీద కూర్చుని ఒకరి మొగుణ్ణి ఇంకొకరు తిట్టుకుంటూ కుట్టేవాళ్ళు. శిబిరానికీ కలిసే పోయేవాళ్ళు. ఒకపక్క పాటలు, డప్పులు, ఒకపక్క వీళ్ళ సూదులు. పోశయ్య తరవాత రబియాబీని అడిగాడు, బొందెలు ఏ దిక్కు కట్టాలని నువ్వేమన్న చెప్పినవా అని. ఆమె చేతిలోని సూదిని బొంతకు గుచ్చింది. తరవాత అన్నది, "ఆమెకు దారం కండ్లవడ్తలేదని సుయిల దారమే పెట్టిచ్చిన పోశన్నా. ఏ దిక్కో నాకేం ఎర్క. గా అంగీ ముచ్చట్ల నన్ను గుంజకున్రి, మీకు దండం పెడ్త." బొందెలు కోసిన రోజు తరవాత ఆమె శిబిరానికి పోలేదు. డప్పు వినిపిస్తే తలుపు దగ్గరికి వేస్తుంది. ఇప్పుడు ఎప్పుడన్నా వాకిట్లో కనిపిస్తే సలాం చేస్తుంది, అంతే.

ఆ రోజు తాను అక్కడ లేడు. చెట్టు మీద ఉన్నాడు. అయినా ఎన్నిసార్లు చూశాడో. అన్నం తింటూ చూశాడు, చెట్టెక్కుతూ చూశాడు, దినాల్లో పిండం పెడుతూ చూశాడు. టెంటు కింద చాప. అందరి అంగీలూ పరిచారు. దత్తాత్రి ఒక్కొక్కటీ ఎత్తి చూస్తున్నాడు. కొండవ్వ అంగీ ఎత్తాడు, బాగుందన్నాడు, కుట్టు చూసి శభాష్ అన్నాడు, అప్పుడు బొందెలు చూశాడు. "వదినా, గిదేంది? తురకోళ్ళ లెక్క కుడికి పెట్టినవ్? పక్కన రబియాబీ ఉంటె నీ సూది గూడ నమాజు నేర్సిందా?" అందరూ నవ్వారు. నవ్వేమాటే, దత్తాత్రి ఏ మాటన్నా నవ్వేటట్టే అంటాడు. నవ్వు ఆగకముందే బ్యానరు గుడ్డ కోసే కత్తెర తీసి, బొందెలు రెండూ కచకచ కత్తిరించి చాప మీద వేశాడు. మల్ల ఎడమకు కుట్టుకో వదినా, గంట పనే అన్నాడు. రబియాబీ లేచి పోయింది. కొండవ్వ వంగి, చాప మీద తడిమి తడిమి, ఆ రెండు బొందె ముక్కలు ఏరుకుని నడుములో దోపుకుందట. తడిమి తడిమి. ఈ మాట చెప్పింది పక్కన కూర్చున్న విజయరాణి. ఒకటి దొరికింది గని ఇంకోటి పాదం కిందికి వొయింది అన్నా, నేనే తీసిచ్చిన అన్నది. ఎందుకు చెప్పిందో. చెప్పకుంటే ఆ ఒక్కటన్నా చూడకుండా ఉండేవాడు.

పొద్దు నెత్తి మీదికి వస్తోంది. స్తంభం నీడ పొట్టిదైంది. రోడ్డు మీద ఏదో బండి చప్పుడు, దగ్గరికొచ్చి దాటి పోయింది. వాడు కాదు. మండపం వెనక తాటిచెట్లున్నాయి, ఎవరో గీస్తున్నట్టున్నారు, మట్టలకు కల్లు పట్టే లొట్లు కట్టి ఉన్నాయి, ఒక లొట్టి మీద కాకి. అలవాటుగా కళ్ళు పైకి పోయాయి. పెళ్ళైన కొత్తలో కొండవ్వ చెట్టు కిందికి వచ్చి నిలబడేది. తాను ఇవతల దిక్కు మోకు మీద వెనక్కి ఒరిగి ఉంటే, ఆమె అవతల దిక్కున నిలబడి మెడ ఎత్తి చూసేది. ఓ అయ్యా, కుడి లొట్టి కారుతుంది చూడు అనేది. కుడి లొట్టి చూస్తే బాగానే ఉండేది. కారేది ఎడమది. "నీ కుడా, నా కుడా?" అని అరిచేవాడు పైనుంచి. "కుడంటె కుడే, ఎవల్దైతేంది!" అనేది కిందినుంచి. ఇద్దరూ ఎదురుబదురు ఉన్నప్పుడు ఒకరి కుడి ఇంకొకరికి ఎడమవుతుందని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. నాకు రెండు కుడి చేతులున్నయా, నేను తిరిగి నిలవడితె నా చెయ్యి మారుతదా అని ఎదురు కొట్లాట. చివరికి ఆమె కుడి అంటే తాను ఎడమ చూడటం అలవాటు చేసుకున్నాడు. ఏండ్లకేండ్లు. కాపురమంటే అదే కదా, ఒప్పుకోని మనిషితో లోపల లెక్క మార్చుకుని బతకటం. ఒకసారి తెల్లవారుజామున మంచులో కల్లు లొట్టి అందిస్తుంటే... కాకి ఎగిరిపోయింది. లొట్టి ఊగుతోంది.

కత్తిరించిన బొందెలను కొండవ్వ మళ్ళీ కుట్టింది. ఎడమకు కాదు, కుడికే. ఇంటికి తెచ్చి, ఎర్రదారంతో, కుట్టిన చోటు అందరికీ కనపడాలన్నట్టు. ఎవరి కోసం కుడ్తున్నవే, నేను వాని దండుల నడవ అంటే, నడవకు, కుట్టుడు నా పని అన్నది. అప్పటికి కాలికి పుండు లేచింది. వానాకాలానికి దవాఖాన, మంచం, వేళ్ళు తీశారు, పాదం తీస్తామన్నారు, తియ్యనివ్వలేదు. మంచం మీద ఒకటే మాట. "ఒక్కసారి మా ఊరికి పోయి సూసిరారాదు. ముడి ఏ దిక్కున్నదో సూసి, గా దత్తాత్రికి జెప్పు. ఆయనకు మనసుల నిమ్మళమైతది." ఆయనకు నిమ్మళమట. బొందెలు కోసినవాడికి నిమ్మళం కావాలట. ఆ మాటకే కోపమొచ్చి పోలేదు. చూసేదేముంది, నువ్వు చెప్పినంక రాయి చెప్పేదేముంది అన్నాడు. ఆమె గోడ దిక్కు తిరిగి పడుకుంది. దత్తాత్రి సావుకు వచ్చాడు. మూలకు నిలబడి ఏడ్చాడు కూడా. పోశయ్య వాడి దిక్కు చూడలేదు. వాడు మట్టి వేయబోతే చేయి అడ్డం పెట్టాడు. ఊరంతా చూసింది. చూడనీ. ఆ తరవాత వాడు దారిలో కనపడి అన్నా అంటే మొకం తిప్పుకున్నాడు. మందలించటానికి కొడుకు శైలేందర్ వస్తే, నీ అవ్వ బొందెలు కోసినోనితో నువ్వు జెండ మోస్తున్నవ్, నా ముంగట మాట్లాడకు అన్నాడు. కొడుకూ మాట్లాడటం మానేశాడు. దిక్కులన్నీ అట్లా ఒక్కొక్కటే మూసుకుపోయాయి, మూసిందెవరంటే దత్తాత్రి. తప్పు ఒక్కడిదే. ఆ ఒక్క మాట వాడు అంటే చాలు. కొండవ్వ తప్పు కుట్టలేదు అని. ఆ మాట పట్టుకుని ఇంటికి పోయి, ఆమె ఫోటో ముందర కూర్చుని... ఏమంటాడో ఏమో, అప్పుడు చూసుకోవచ్చు.

వాడు వచ్చేసరికి అంగీ వేసుకుని ఉండాలని తోచింది. రాతి బంటు పక్కన అదే అంగీలో తానూ నిలబడితే ఇక మాటలతో పని ఉండదు. సంచి విప్పాడు. తంగేడు చెక్క వాసన ఎప్పుడో పోయింది, పెట్టెలో వేసిన వేపాకు వాసన వస్తోంది. చొక్కా విప్పి అంగీ తొడిగాడు. మొదటిసారి తొడగటం. చంకల్లో సరిపోయింది, భుజాల మీద సరిపోయింది. కొలతలు తీసుకోలేదు ఆమె, నిద్రపోతుంటే జానతో కొలిచిందేమో. ఎర్రదారం కుట్ల మీద బొటనవేలు ఆడించాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కళ్ళు కనపడని కుట్టు. కుడి డొక్క మీద బొందెలు ముడి వేశాడు.  పోయి స్తంభానికి వీపు ఆనించి, బంటు పక్కనే, బంటు చూసే దిక్కే చూస్తూ నిలబడ్డాడు. ఒక చేయి కత్తి పట్టినట్టు మొల మీద. ఎవరన్నా చూస్తే పిచ్చోడనుకుంటారు. అనుకోనీ. తలవంచి తన ముడి చూసుకున్నాడు. తల తిప్పి పక్కనున్న రాతి ముడి చూశాడు.

రెండు ముళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి.

అట్లా ఉండకూడదు. ఇద్దరు బంట్లు వరుసలో నిలబడితే ఒకడి ముడి ఇంకొకడి ముడికి ఎట్లా ఎదురవుతుంది? ఇద్దరికీ కుడికే ఉంటే తన ముడి బంటు పక్కకు రావాలి, బంటు ముడి అవతలి పక్కకు పోవాలి. మళ్ళీ చూశాడు. తన కుడి డొక్క, దాన్ని ఆనుకుని బంటు డొక్క, అది బంటు ఎడమ డొక్క. వేళ్ళతో బంటు చేతిని పట్టుకుని చూశాడు, విరిగిన కత్తి ఏ చేతిలో ఉందో చూశాడు, ఆ చేయి అవతల ఉంది, ముడి ఇవతల ఉంది. నాలుగడుగులు ముందుకు వచ్చి తిరిగి చూశాడు. ఇప్పుడు ముడి కుడికి వచ్చింది. వెనక్కి పోయి బంటు లాగా నిలబడ్డాడు. ఎడమకు పోయింది. ముందుకు వస్తే కుడి. వెనక్కి పోతే ఎడమ. నీ కుడా, నా కుడా? కుడంటె కుడే, ఎవల్దైతేంది. బంటుకు ఎదురుగా నిలబడింది ఆమె. మసక కండ్లతో, వేళ్ళతో తడిమి, ఏ చేతికి తగిలితే ఆ దిక్కే అనుకుంది. ఇంటికి వచ్చి కుట్టింది. లోపల లెక్క మార్చుకోవాల్సింది తాను, ఏండ్లకేండ్లు మార్చుకున్నవాడు, ఇదొక్కసారి మార్చుకోలేదు. చూసి రమ్మంటే రాలేదు. వాళ్ళ తాత చెప్పిన మాటేమో గానీ, దత్తాత్రి అన్న దిక్కే నిజం. వాడు తెలిసి అనలేదు, గుడ్డిగా అన్నాడు, అయినా అదే నిజం. తెలుగు బడిలో అయిదో తరగతిలో సారు బెత్తంతో కుడి ఎడమ నేర్పాడు, ఎదుటివాడి కుడి ఏదో నేర్పలేదు.

రోడ్డు మీద స్కూటరు ఆగింది. ఈసారి ముందుకు పోలేదు. పోశయ్య చేతులు వాటంతట అవే ముడి విప్పాయి. అంగీ తీసి, మడిచి, బొందెలు లోపలికి పోయేటట్టు మడిచి సంచిలో కుక్కాడు, చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు పెడుతుండగా దత్తాత్రి వచ్చాడు. సన్నబడ్డాడు. గడ్డం తెల్లబడింది. చేతులకు ఎప్పటిలాగే రంగు మరకలు.

"పోశన్నా, మంచిగున్నవా? రమ్మన్నవంట, వచ్చిన. తిడ్తవో కొడ్తవో నీ ఇష్టం."

పోశయ్య గడ్డంతో స్తంభం చూపించాడు. దత్తాత్రి పోయి రాతి బంటు ఎదురుగా నిలబడ్డాడు. అందరూ నిలబడే చోటే. కొండవ్వ నిలబడిన చోటే. చాలాసేపు చూశాడు. కుడిచేయి ఎత్తి రాతి ముడి మీద పెట్టాడు. ఆ చేయి తన కుడి డొక్క మీదికి తెచ్చుకున్నాడు. మళ్ళీ రాయి మీద పెట్టాడు. బొమ్మలు గీసి బతికే మనిషి. ఎదుటి మొకం గీయటం తెలిసిన మనిషి. ఇప్పుడన్నా తట్టాలి. తట్టలేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, చూసింది రాయిని కాదు.

"కుడికే ఉన్నది గదన్నా," అన్నాడు.  "వదిన కుట్టిందే నిజం. నేను నాశినమైపోను, అందరి ముంగట కోసిన గద అన్నా. నవ్విన. తప్పు నాదే. మైకు పెట్టి చెప్త. రబియాబీ ఇంటికి వొయి కాళ్ళు మొక్కుత. రేపు దండు మొత్తం కుడికే కట్టిస్త, అందరి బొందెలు ఈ రాత్రే మార్పిస్త, వదిన పేరు మీద. నువ్వొక్కసారి క్షమించిన అను."

ఇంత కాలం కావాలనుకున్న మాట. ఎదురుగా నిలబడి ఉంది, చేతులు జోడించుకుని. దీన్ని పట్టుకుని ఇంటికి పోవచ్చు. తిరిగి నిలవడు దత్తాత్రి, బంటు పక్కన నిలవడి చూడు, అని ఒక్క మాటంటే చాలు, వాడి మెడ మీద నుంచి బండ దిగుతుంది. ఆ బండ ఆమె మీదికి పోతుంది. మంచంలో గోడ దిక్కు తిరిగిన మనిషి మీదికి. అక్కడి నుంచి తన మీదికి. నాలుక మీదికి మాట వచ్చింది, పంటి వెనక ఆగింది. నవ్వింది నువ్వే, కోసింది నువ్వే, ఏ దిక్కున్నా కోసింది కోసిందే. పోశయ్య సంచి చంకలో పెట్టుకున్నాడు.

"రేపు వస్తవా అన్నా?"

"రాను."

"మరి క్షమించినవా?"

"దత్తాత్రీ, చెప్పినవ్, విన్న. నీకేం కట్టించుకోవాల్నో కట్టించుకో. కొండవ్వ అంగీ ముచ్చట ఈడనే అయిపోయింది. ఎవడడిగినా చెప్ప. నా కొడుకు అడిగినా చెప్ప. నువ్వు గూడ మల్ల నా ముంగట ఎత్తితే నేను మనిషిని గాను."

దత్తాత్రి తల వూపాడు. చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకుని, స్కూటరు మీద దింపుతా రమ్మన్నాడు. పోశయ్య నడుస్తానన్నాడు. తంగేడు పూలు కోసుకునే ఆడపిల్లలను దాటుకుంటూ, సంచిని ఒకసారి కుడిచంకకు, ఒకసారి ఎడమచంకకు మార్చుకుంటూ నడిచాడు. మరునాడు బతుకమ్మల ముందు దండు నడిచింది, ఒక్కరు తప్పకుండా అందరికీ కుడి డొక్క మీదే ముళ్ళు. చూసినవాళ్ళు వచ్చి చెప్పబోయారు. పోశయ్య లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట మాట్లాడలేదు.